రన్‌వే నుంచి బయటికి నడిపే ఆకుపచ్చ, పసుపు లైట్లు: సర్క్యూట్లు ఎలా విడదీయాలి?

ప్రశ్న:
ర్యాపిడ్ ఎగ్జిట్ టాక్సీవే (దిగిన విమానం వేగంగానే రన్‌వే నుంచి బయటికి మళ్లే దారి) సెంటర్‌లైన్ లైట్లకు రెండు సర్క్యూట్లు ఇవ్వాలి. లైట్ల మధ్య 15 మీటర్లు. మామూలు టాక్సీవేలోలాగే ఒకటి విడిచి ఒకటి ఎ, బి సర్క్యూట్లకు కలిపితే చాలా? రన్‌వే మీది రెటిల్ లైట్లనూ (ఎగ్జిట్ ఎంత దూరంలో ఉందో చెప్పేవి) వీటితోనే కలపొచ్చా?

జవాబు 1:
అలా కలపకండి. రన్‌వే దగ్గర మొదటి లైటు ఆకుపచ్చ, రెండోది పసుపు, మళ్లీ ఆకుపచ్చ. ఐఎల్ఎస్ (దిగే విమానానికి రేడియో సిగ్నల్‌తో దారి చూపే వ్యవస్థ) సెన్సిటివ్ ఏరియా అంచు, ఇన్నర్ ట్రాన్సిషనల్ సర్ఫేస్ (రన్‌వే పక్కన అడ్డంకులు ఉండకూడని ఊహా వాలు) దిగువ అంచు, ఈ రెండింటిలో రన్‌వేకి ఏది దూరమైతే అక్కడిదాకా ఇదే వరస. ఆ అంచు దగ్గరి లైటు తప్పకుండా పసుపే ఉండాలి. ఆ తర్వాత అంతా ఆకుపచ్చ.

మీరన్నట్టు కలిపితే ఎ మొత్తం ఆకుపచ్చ, బి మొత్తం పసుపు అవుతుంది. బి ట్రిప్ అయితే పైలట్‌కి ఆకుపచ్చ ఒక్కటే కనిపిస్తుంది. ఇంకా రన్‌వే పక్కనే ఉన్నా బయటపడ్డామనుకుంటారు, అక్కడే ఆగితే వెనక దిగే విమానానికి లోకలైజర్ (రన్‌వే మధ్యగీతను చూపే ఐఎల్ఎస్ భాగం) సిగ్నల్ చెదురుతుంది. జంటలుగా విడదీయండి: 1, 2 ఎ కి, 3, 4 బి కి, 5, 6 మళ్లీ ఎ కి. ఏది పోయినా రంగుల వరస నిలుస్తుంది.

అడిగినవారు:
బి పోతే 2కీ 5కీ మధ్య 45 మీటర్లు ఖాళీ వస్తుంది కదండీ?

జవాబు 1:
వస్తుంది. 350 మీటర్లలోపు ఆర్‌వీఆర్‌లో (పైలట్‌కి రన్‌వే కనబడే దూరం) వాడే టాక్సీవేలో పక్కపక్క లైట్లు రెండు పోకూడదు. అంటే సర్క్యూట్ తిరిగొచ్చేదాకా పొగమంచులో ఆ ఎగ్జిట్ వాడకూడదు. ఖాళీ కంటికి కనబడుతుంది, తప్పు రంగు కనబడదు. అందుకే నా ఓటు జంటలకే.

జవాబు 2:
రెటిల్‌కి వేరే సర్క్యూట్ ఇవ్వాలి. వంపు మొదలయ్యే చోటికి 300 మీటర్ల ముందు మూడు, 200 దగ్గర రెండు, 100 దగ్గర ఒకటి, మొత్తం ఆరు పసుపు లైట్లు, ఎగ్జిట్ ఉన్న వైపే. పైలట్ దూరాన్ని ఈ లెక్కతోనే పోల్చుకుంటారు. 300 దగ్గర ఒకటి ఆరితే అది 200లా కనిపిస్తుంది, బ్రేకు అంచనా తప్పుతుంది. కాబట్టి ఒక్కటి పోయినా ఆరూ ఆపేయాలి.

జవాబు 3:
మెయింటెనెన్స్ వైపు నుంచి రెండు మాటలు. వెలుగుతోంది కదా అని వదిలేయకండి. టైర్ల రబ్బరు, దుమ్ము ప్రిజం మీద పేరుకుని వెలుగు నిర్దేశించిన సగటులో 50 శాతం కన్నా తగ్గితే ఆ లైటు పోయినట్టే లెక్క. ఇక ఫిట్టింగ్ మార్చినప్పుడు స్పేర్ రంగు సరిచూడండి, ముఖ్యంగా చివరి పసుపు దగ్గర. బోల్టులు చేతి అంచనాతో కాక తయారీదారు చెప్పిన టార్క్‌తోనే బిగించండి.