ఉబుంటు 24.04లో 32-బిట్ వైన్ ఇన్‌స్టాల్ కావడం లేదు: హోల్డ్‌లో ఏమీ లేకున్నా ‘హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్’ అంటోంది

అక్షరకూర్పు:
మిత్రులకు నమస్కారం. ఉబుంటు 22.04 నుంచి 24.04కు అప్‌గ్రేడ్ అయిన తరువాత, పాత విండోస్ డీటీపీ సాఫ్ట్‌వేర్‌ను నడపడానికి ‘వైన్32:ఐ386’ (లైనక్స్‌లో విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ 32-బిట్ ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేయబోతే డిపెండెన్సీలు (అది ఆధారపడే ఇతర ప్యాకేజీలు) తీరడం లేదంటూ ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే సాధనం) ఆగిపోతోంది. చివరి వరుసలో హోల్డ్‌లో పెట్టిన (మార్పు జరగకుండా ఆపి ఉంచిన) ప్యాకేజీల ప్రస్తావన ఉంది గాని, ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ ఇస్తే ఒక్క పేరూ రావడం లేదు. ఐ386 (32-బిట్) ఆర్కిటెక్చర్‌ను ముందే చేర్చాను. ‘ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ వల్ల కూడా ఏ మార్పూ కనిపించలేదు.

కృష్ణాతీరం:
ఆ చివరి వరుసను పట్టించుకోకండి. మీరు అడిగిన ప్యాకేజీల కూర్పు ఇప్పుడున్న వర్షన్లతో కుదరనప్పుడల్లా ఆప్ట్ ఆ మాటే అంటుంది. ఫిక్స్-బ్రోకెన్ అనేది సగంలో ఆగిపోయిన ఇన్‌స్టలేషన్లను సరిచేయడానికి ఉద్దేశించినది. మీ సిస్టమ్‌లో ఇప్పటికే ఉన్నవన్నీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి కనుక దానికి అక్కడ చేయవలసిన పని లేదు. ‘ఇన్‌స్టాల్ కాబోవడం లేదు’ అని ఏ ప్యాకేజీ పేరు చూపిస్తే ఆ పేరును కూడా అదే ఆదేశం చివర చేర్చి మళ్ళీ నడపండి. ఇలా చేస్తూ పోతే ఎక్కడో ఒకచోట అసలు అడ్డంకి బయటపడుతుంది.

అక్షరకూర్పు:
మీరు చెప్పినట్టే గ్రాఫిక్స్ లైబ్రరీల మీదుగా వెళ్ళగా, చివరికి ‘లిబ్‌డీఆర్ఎం2: బ్రేక్స్: లిబ్‌డీఆర్ఎం2:ఐ386’ అని, పక్కనే బ్రాకెట్లలో ‘సమానం కాదు’ గుర్తుతో ఒక వర్షన్ సంఖ్య వచ్చింది. ‘ఆప్ట్-కాష్ పాలసీ లిబ్‌డీఆర్ఎం2’ ఇస్తే, ఇన్‌స్టాల్ అయి ఉన్న వర్షన్ కింద 100 అనే అంకె, ‘/వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్’ తప్ప ఏ రిపాజిటరీ (ప్యాకేజీలు దొరికే భాండారం) చిరునామా లేదు. 22.04లో ఉన్నప్పుడు కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ల కోసం ఒక పీపీఏ (ఉబుంటు సొంతవి కాని బయటి రిపాజిటరీ) వాడిన మాట నిజమే.

కృష్ణాతీరం:
చిక్కు అక్కడే ఉందండి. ఒకే లైబ్రరీ 64-బిట్, 32-బిట్ రూపాలు రెండూ పక్కపక్కన ఉండాలంటే వాటి వర్షన్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. రెండు రూపాలూ కొన్ని ఫైళ్ళను ఉమ్మడిగా వాడుకుంటాయి కనుక ఈ నియమం పెట్టారు. ఉబుంటు అప్‌గ్రేడర్ బయటి రిపాజిటరీలను ఆపేస్తుంది గాని, వాటి నుంచి వచ్చిన ప్యాకేజీలను తీసివేయదు. మీ 64-బిట్ లైబ్రరీ పీపీఏ నుంచి వచ్చిన పై వర్షన్‌లోనే నిలిచిపోయింది, దానికి జోడీ అయిన 32-బిట్ ప్యాకేజీ ఇప్పుడు ఎక్కడా దొరకదు, పైగా ఆప్ట్ తనంతట తానుగా కింది వర్షన్‌కు దిగదు. పాలసీలో నోబుల్-అప్‌డేట్స్ (నోబుల్ అంటే 24.04కు పెట్టిన పేరు) ఎదురుగా కనిపించే వర్షన్‌ను రెండు రూపాలకూ సమానం గుర్తుతో స్పష్టంగా ఇచ్చి ఇన్‌స్టాల్ చేయండి; అయితే ముందు ‘-ఎస్’ చేర్చి నమూనాగా నడిపి చూడండి.

పెంగ్విన్_వరంగల్:
ఆ నమూనాలో తొలగించబోయే ప్యాకేజీల జాబితాను తప్పనిసరిగా చదవాలని నా మనవి, ఎందుకంటే అందులో డెస్క్‌టాప్ ప్యాకేజీలు కనిపిస్తే అక్కడికక్కడే ఆగిపోవడం మంచిది. నాకు ఇలాంటి చోట ఆప్ట్‌కు బదులు వాడగల ఆప్టిట్యూడ్ అనే సాధనం ఎక్కువ ఉపయోగపడింది. అది మొదట చూపే పరిష్కారం తరచుగా ‘అడిగినదాన్ని ఇన్‌స్టాల్ చేయకుండా వదిలేయడం’ అవుతుంది. ‘ఎన్’ నొక్కితే తరువాతి మార్గాలను చూపిస్తుంది.

24.04లో మరో రకం చిక్కు కూడా ఉంది, దాన్ని దీనితో కలపకూడదు. 2038 తేదీ సమస్య (32-బిట్ సమయ సంఖ్య ఆ ఏడాది నిండిపోవడం) కోసం చాలా లైబ్రరీల పేర్ల చివర ‘టీ64’ చేర్చారు. పాత గైడ్ చూసి ‘లిబ్‌అసౌండ్2’ అని టైప్ చేస్తే అది వర్చువల్ ప్యాకేజీ (పేరు మాత్రమే, నిజమైన ప్యాకేజీ కాదు) అంటుంది; ‘లిబ్‌అసౌండ్2టీ64’ అని ఇస్తే సరిపోతుంది.

అక్షరకూర్పు:
లిబ్‌డీఆర్ఎం2తో పాటు దాని తోటి లైబ్రరీలు కూడా అదే పీపీఏ నుంచి వచ్చినవే. ‘ఆప్ట్ లిస్ట్ --ఇన్‌స్టాల్డ్’ ఫలితంలో ‘లోకల్’ అని ఉన్న వరుసలను వడపోసి, వాటన్నిటినీ ఒకే ఆదేశంలో నోబుల్ వర్షన్లకు దించిన తరువాత వైన్32 ఏ అభ్యంతరమూ లేకుండా ఇన్‌స్టాల్ అయింది. ఇద్దరికీ కృతజ్ఞతలు.

కృష్ణాతీరం:
సంతోషం. ఇదే దారిలో 22.04 నుంచి వచ్చేవారు, పీపీఏ ఇంకా పనిచేస్తుండగానే, అంటే అప్‌గ్రేడ్‌కు ముందే, ‘పీపీఏ-పర్జ్’ నడిపితే ఆ ప్యాకేజీలన్నీ ఉబుంటు సొంత వర్షన్లకు దిగిపోతాయి.