గొంతులు ఆగాయి గానీ ధ్యాస నిలవడం లేదు

ప్రశ్న:
మా తమ్ముడికి 21 ఏళ్లు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాము. లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బు సైకోసిస్‌కు మందులు మొదలుపెట్టాక చెవిలో వినిపించే గొంతులు ఆగిపోయాయి గానీ, ఒకే పేరాను నాలుగుసార్లు చదివినా వాడికి గుర్తుండడం లేదు. అమ్మ పాలు, పెరుగు, కొత్తిమీర తెమ్మంటే కొత్తిమీర ఒక్కటే తెస్తాడు. బంధువులు బద్ధకమంటున్నారు. దీనికి చికిత్స ఉందా?

జవాబు 1:
అది బద్ధకం కాదండీ. యాంటీసైకోటిక్ మందులు భ్రమలను అదుపు చేసినంతగా ఏకాగ్రతను, జ్ఞాపకశక్తిని బాగుచేయవు. ఆ లోపం జబ్బులో భాగమే, చాలామందిలో గొంతులు మొదలవక ముందే కనిపిస్తుంది. కాగ్నిటివ్ రెమెడియేషన్ అనే శిక్షణ ఇందుకోసమే ఉంది. కంప్యూటర్ ముందు ఒంటరిగా ఆటలాడితే సరిపోదు. శిక్షకుడు పక్కన కూర్చుని, ఎలా గుర్తుపెట్టుకున్నావని అడిగి, ఆ పద్ధతినే సరుకుల చీటీకీ తరగతి నోట్సుకీ వాడించినప్పుడు ఫలితం నిత్యజీవితంలోకి వస్తుంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో అడిగి చూడండి. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అయిన 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయవచ్చు.

జవాబు 2:
ఆ మందుల వల్ల వచ్చే వణుకు తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర కూడా రాశారేమో చూడండి. అది జ్ఞాపకశక్తిని మందగింపజేయగలదు. అయితే మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుగారితోనే తేల్చుకోండి. మా అబ్బాయికి రోజూ వేగంగా నడవడం కూడా కొంత మేలు చేసింది. వాడిని మంచం మీద నుంచి లేపడమే అసలు యుద్ధం.

ప్రశ్న అడిగినవారు:
మందుల చీటీ తీసి చూశానండీ, ఆ మాత్ర ఉంది. గురువారం డాక్టరుగారిని అడుగుతాను.