రొయ్యల కౌంట్: కంటి అంచనాను ఎంతవరకు నమ్మాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యలు కొనేవాళ్ల కంటి అంచనా ఎంత సరిగ్గా ఉందో చూసే ఒక పరీక్ష తయారుచేస్తున్నాం. తెలిసినవాళ్లు సలహా చెప్పండి. కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్నది. చేయి తిరిగినవాళ్లు ట్రే చూడగానే "40" అనేస్తారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాసిన వ్యాసం ప్రకారం ఇలాంటి తక్షణ అంచనాను నమ్మాలంటే రెండు ఉండాలి: ఆ పనిలో నిలకడైన ఆనవాళ్లు, తప్పొప్పులు తెలుసుకుంటూ నేర్చుకునే వీలు. రొయ్య సైజు కంటికి కనిపిస్తుంది, కాటా దగ్గర జవాబు అక్కడికక్కడే తేలుతుంది కాబట్టి కౌంట్‌కు రెండూ ఉన్నాయి. రేపటి ధర అంచనాకు నిలకడైన ఆనవాళ్లు లేవు, దాన్ని వదిలేశాం.

ముందు అంచనా చీటీ మీద రాయించాలి. తర్వాత ట్రే పైన, మధ్య, అడుగు నుంచి కలిపి కిలో తీసి, నీరు వార్చి లెక్కపెట్టాలి. నీరు వార్చకపోతే కిలోకి రొయ్యలు తగ్గి, సైజు పెద్దదనిపిస్తుంది.

అసలు చిక్కు: అమ్మేవాళ్లు ముందే "30 కౌంటండీ" అని కేకేస్తారు. ఆ అంకె చెవిన పడ్డాక అంచనా అటే జారుతుంది. వేలంలో ఎవరి నోరు మూయించగలం! ఆ ప్రభావాన్ని విడిగా కొలవడమెలా? అంచనాకూ లెక్కకూ తేడా ఎంత దాటితే రెండో కిలో తీయాలి? 30 కౌంట్‌కూ 80 కౌంట్‌కూ ఒకే శాతం సరిపోతుందా?