చిన్నపిల్లలతో కొత్త ఊరికి మారుతున్నాం, ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?

సందడిఇల్లు:
అందరికీ నమస్తే అండీ. మా ఆయనకి వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఇంకో రెండు నెలల్లో మారిపోవాలి. అక్కడ మాకు తెలిసినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. పెద్దాడికి నాలుగేళ్లు, చిన్నది ఇప్పుడిప్పుడే నడుస్తోంది, చేతికి అందిందల్లా నోట్లో పెట్టేసుకునే వయసు. నేను ఇంటి నుంచే పని చేస్తున్నా కానీ అది ఎన్నాళ్లుంటుందో గ్యారంటీ లేదు.

చూసి చూసి రెండు ఇళ్ల దగ్గర ఆగాం. ఒకటి ఆయన ఆఫీసుకి ఇరవై నిమిషాల దూరంలో ఫ్లాట్, రెండు బెడ్‌రూములు, పాత బిల్డింగు, మెయిన్ రోడ్డు పక్కనే. కానీ వెనకవైపు పార్కు ఉంది, ప్లేస్కూలుకి నడిచి వెళ్లిపోవచ్చు. రెండోది ఊరి చివర కొత్త ఇల్లు, మూడు గదులు, ముందు ఖాళీ జాగా, పక్క వీధిలోనే పేరున్న స్కూలు. అద్దె రెండిటికీ ఇంచుమించు ఒకటే. కాకపోతే అక్కడి నుంచి ఆయనకి ఆఫీసు ఒక వైపే గంటంబావు. పిల్లలు ఆడుకోవడానికి జాగా ఉండాలి కదా, నేను మేనేజ్ చేస్తాలే అంటున్నారాయన. నాకేమో రోజంతా ఆ చివర్న ఇద్దరితో ఒక్కదాన్నే ఎలా అని భయంగా ఉంది, అలాగని ఫ్లాట్ ఇరుకు, రోడ్డు గోల. దేనికి ఎక్కువ వెయిట్ ఇవ్వాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్తారా?

కిటికీపక్కసీటు:
గంటంబావు అంటే రానుపోను రెండున్నర గంటలు అండీ, అది మేనేజ్ అయ్యే లెక్క కాదు. నేను రోజూ చేస్తున్నా కాబట్టి చెప్తున్నా. పొద్దున నేను బయల్దేరేటప్పటికి మా వాడు లేవడు, సాయంత్రం వచ్చి షూస్ విప్పేటప్పటికి వాడి స్నానం తిండి అన్నీ అయిపోయి కళ్లు నులుముకుంటూ ఉంటాడు, నన్ను చూడగానే మళ్లీ హుషారొచ్చేసి ఇంకో గంట పడుకోడు, అప్పటిదాకా జోకొట్టిన మా ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. ఆ పెద్ద ఇంట్లో, ఆ ఖాళీ జాగాలో నేను వాడితో ఆడుకునేది ఆదివారం ఒక్కటే.

బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టట్జర్ అని ఇద్దరు ఎకనమిస్టులు జర్మనీ వాళ్ల డేటా పెట్టుకుని ఇదే చూశారు, 2008లో పేపర్ వచ్చింది. దూరం నుంచి ఆఫీసుకి వచ్చేవాడికి ఆ కష్టానికి తగ్గట్టు మంచి ఇల్లో, మంచి జీతమో దక్కుతుంది, లెక్క సరిపోతుంది అనుకుంటాం కదా. వాళ్లు చూస్తే సరిపోలేదు, ప్రయాణం టైమ్ పెరిగేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతూనే ఉంది. ఇల్లు పెద్దదన్న సంబరం కొన్నాళ్లకి మామూలైపోతుంది, ట్రాఫిక్ మాత్రం ఎన్నేళ్లైనా అలవాటు కాదు, ఇది నా మాట.

ఇంకో సంగతి మీ ఆయన్ని కూర్చోబెట్టి అడగండి. బాబుకి జ్వరం వచ్చింది తీసుకెళ్లండి అని స్కూలు నుంచి ఫోన్ వస్తే ఎవరు వెళ్తారు? ఆయన గంటంబావు దూరంలో ఉంటే జవాబు ప్రతిసారీ మీరే. అప్పుడు చిన్నది నిద్రపోతుంటే దాన్ని లేపి చంకనేసుకుని మీరే పరిగెత్తాలి. రేపు మిమ్మల్ని కూడా ఆఫీసుకి రమ్మన్నారంటే ఇక మీ ఉద్యోగానికే ఎసరు. ఇది ఇల్లు చూసేటప్పుడు ఎవరికీ తట్టదు.

రాత్రిషిఫ్టు:
పైన అన్నయ్య చెప్పింది కరెక్టే, నా ఓటు కూడా ఫ్లాట్‌కే, కానీ పాత బిల్డింగు, మెయిన్ రోడ్డు అన్నారు కాబట్టి కళ్లు మూసుకుని అడ్వాన్స్ ఇచ్చేయకండి. పడగ్గది ఏ వైపు ఉందో ముందు చూడండి. రోడ్డు వైపు గది పగలు పర్లేదు అనిపిస్తుంది, రాత్రి లారీలు మొదలయ్యాక తెలుస్తుంది. డబ్ల్యూహెచ్‌ఓ 2018లో ఇచ్చిన గైడ్‌లైన్ ప్రకారం రాత్రిపూట ట్రాఫిక్ చప్పుడు ఇంటి బయట సగటున 45 డెసిబెల్స్ దాటకూడదు, పక్కనే మెయిన్ రోడ్డు ఉంటే అది దాటడానికి ఎంతోసేపు పట్టదు.

పిల్లలు చప్పుడుకి అలవాటు పడిపోతారులే అని ఎవరైనా అంటే నమ్మకండి. న్యూయార్క్‌లో ఒక స్కూలు రైలు పట్టాల పక్కనే ఉండేది, ఆర్లీన్ బ్రోంజాఫ్ట్ అనే సైకాలజిస్టు 1975లో ఆ పిల్లల మీద స్టడీ చేస్తే, పట్టాల వైపు క్లాసుల్లో కూర్చున్న ఆరో తరగతి పిల్లలు అవతలి వైపు క్లాసుల వాళ్లకంటే చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు. తర్వాత పట్టాల కింద రబ్బరు ప్యాడ్‌లు వేసి, క్లాసుల్లో సౌండ్ తగ్గించాక ఆ తేడా పోయింది. ఒకే స్కూలు, ఒకే బిల్డింగు అండీ, తేడా అల్లా ఏ వైపు కూర్చున్నారన్నదే.

ఇక పాత ఇల్లంటే పెయింట్. పాత పెయింట్లలో సీసం ఉండేది. గోడ కంటే కిటికీ డేంజర్, ఎందుకంటే తలుపు తీసి వేసినప్పుడల్లా చట్రానికి రాసుకుని సన్నటి పొడి రాలుతుంది, అది కిటికీ గట్టు మీద పడుతుంది, మీ పాప సరిగ్గా ఆ గట్టు పట్టుకునే నిలబడుతుంది, ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. సీసం ఇంతవరకు ఫర్వాలేదు అనే లెవెల్ పిల్లలకి అసలు లేదు. పెచ్చులూడుతుంటే ఓనర్‌ని అడగండి, వాళ్లు గీకేసి మళ్లీ రంగేస్తామంటే మీరు దిగకముందే చేయించాలి, డ్రైగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. బాల్కనీ గ్రిల్ కూడా చూడండి, కమ్మీల మధ్య పది సెంటీమీటర్ల కంటే ఎక్కువ సందు ఉంటే వద్దు, అడ్డకమ్మీలు అసలొద్దు, మీ పెద్దాడికి అవి మెట్లే.

సందడిఇల్లు:
అమ్మో, కిటికీ గట్టు సంగతి నాకు అసలు తట్టలేదు, థాంక్యూ అండీ. పెద్ద బెడ్‌రూమ్ రోడ్డు వైపు, చిన్నది పార్కు వైపు ఉంది. నలుగురం ఆ చిన్నగదిలోనే పడుకుని పెద్దదాన్ని ఆట గది, నా ఆఫీసు చేసేసుకోవచ్చేమో అనిపిస్తోంది ఇప్పుడు. మరి స్కూలు సంగతి ఏంటి? ఆయన పట్టు అంతా దాని మీదే.

ఎల్కేజీనాన్న:
నేను మీ ఆయన పార్టీ. పిల్లలు ఏ ఏరియాలో పెరిగారన్నది జీవితాంతం పనిచేస్తుంది అని అమెరికాలో పెద్ద ప్రయోగమే చేశారు, మూవింగ్ టు ఆపర్చునిటీ అని, 1994లో మొదలై ఐదు నగరాల్లో జరిగింది. రాజ్ చెట్టీ అనే ఎకనమిస్టు టీమ్ తర్వాత ఆ పిల్లల సంపాదన లెక్క తీస్తే, పదమూడేళ్లలోపు మంచి ఏరియాకి మారినవాళ్లు పెద్దయ్యాక, మారనివాళ్ల కంటే 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఒకట్రెండేళ్ల ట్రాఫిక్ కోసం అది వదులుకుంటారా?

పాతటీచరమ్మ:
బాబూ, నువ్వు చెప్పిన లెక్క నిజమే కానీ అది వీళ్లకి అతకదు. ఆ ప్రయోగంలో కుటుంబాలు విపరీతమైన పేదరికం ఉన్న చోట, పేదలకి సర్కారు కట్టించిన ఇళ్ల నుంచి కాస్త మెరుగైన చోటికి మారినవాళ్లు. ఈ అమ్మాయి ముందున్నవి రెండూ చక్కటి ఏరియాలే. పైగా అదే స్టడీలో ఉన్న ఇంకో ముక్క, మంచి చోట గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ లాభం పెరుగుతుందని. నాలుగేళ్లవాడికి ముందు బోలెడు టైముంది, ఒక ఏడాది ఫ్లాట్‌లో ఉంటే కొంపేం మునగదు.

చాలా ఏళ్లు చిన్న క్లాసులు చెప్పాను కాబట్టి చెప్తున్నానమ్మా. పేరున్న స్కూలు అంటే సాధారణంగా పదో తరగతి రిజల్ట్స్ చూసి వచ్చిన పేరు. నాలుగేళ్లవాడి క్లాసులో ఏం జరుగుతోందో ఆ పేరు చెప్పదు. వెళ్లి ఒక గంట కూర్చోనివ్వమని అడుగు. ఎంతమందికి ఒక టీచరు, ఆ టీచరు ఎన్నాళ్ల నుంచి ఉంది, ఏడుస్తున్న పిల్లాడి దగ్గర కూర్చుంటుందా లేక దూరం నుంచే ఊరుకో అంటుందా, బాత్రూముకి ఎవరు తీసుకెళ్తారు, ఇవి చూడు. కూర్చోనివ్వం అన్నారంటే అదీ ఒక జవాబే. ఇంకోటి, పక్క వీధిలో ఉన్నంత మాత్రాన సీటు వస్తుందని ఏం లేదు, ముందు ఆఫీసుకి ఫోన్ చేసి ఈ ఏడాది ఖాళీలున్నాయా అని కనుక్కో, సీటే లేకపోతే ఈ గొడవంతా దేనికి.

నాకు అసలు బెంగ నీ గురించి. తెలిసినవాళ్లు లేని ఊళ్లో చిన్నపిల్లలతో ఉన్న తల్లికి మనుషులు కనపడాలి. పార్కులో రోజూ అదే టైముకి అదే బెంచీ దగ్గర కూర్చున్నావనుకో, పదిరోజుల్లో ఎవరో ఒకరు మీ పాపకి ఎన్ని నెలలు అని అడుగుతారు. ఇంటిముందు సొంత జాగాలో ఆ మాట అడిగేవాళ్లు ఉండరు.

సందడిఇల్లు:
టీచర్ గారూ, స్కూలుకి ఫోన్ చేశాను. ఈ ఏడాది నర్సరీ నిండిపోయిందట, వెయిటింగ్ లిస్టట! ఆయనకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. శనివారం ఇద్దరం వెళ్లి ఫ్లాట్ మళ్లీ చూద్దాం అనుకుంటున్నాం, రాత్రి కూడా ఒకసారి.

రాత్రిషిఫ్టు:
శనివారం రాత్రి వద్దండీ, వీలైతే వర్కింగ్ డే చూసుకోండి, పొద్దున ఆఫీసుల టైముకీ రాత్రి పదిన్నర తర్వాతా. చిన్నగదిలో తలుపులేసుకుని ఒక పది నిమిషాలు ఫోన్లు పక్కన పెట్టి కూర్చోండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లి ప్లేస్కూలు దాకా నడిపించండి, స్ట్రోలర్ ఫుట్‌పాత్ మీద నడుస్తుందా, రోడ్డు ఎక్కడ దాటాలి, అక్కడ సిగ్నల్ ఉందా అనేది మ్యాపులో తెలీదు.

కిటికీపక్కసీటు:
అగ్రిమెంట్‌లో ఆరు నెలల తర్వాత నోటీసు ఇచ్చి ఖాళీ చేయొచ్చు అని రాయించుకోండి, అది లేకుండా సంతకం పెట్టొద్దు. ఆ కిటికీల పెయింట్ పని కూడా నోటి మాట కాకుండా అందులోనే రాయించండి, దిగాక ఓనర్లు ఫోన్ ఎత్తరు.