పాముకి పట్టిన నల్లులు: మందు కొట్టాలా, మిత్ర పురుగుల్ని వదలాలా?

డాలస్_పైథాన్:
అందరికీ నమస్కారం. మాది డాలస్ దగ్గర ప్లేనో. మూడేళ్లుగా ఒక బాల్ పైథాన్‌ని, అంటే ఒక చిన్న జాతి కొండచిలువని, పెంచుతున్నాను, కిలోన్నర ఉంటుంది. నెల క్రితం రెప్టైల్ షోలో ఇంకో పిల్లపామును కొన్నాను. కొత్తదాన్ని వేరే గదిలో ఉంచాలని తెలుసు, కానీ చోటు లేక పక్క షెల్ఫులోనే పెట్టాను. తప్పు నాదే. వారం నుంచి పెద్దది నీళ్ల గిన్నెలోంచి బయటికి రావడం లేదు. ఎండలకేమో అనుకున్నా. గిన్నె కడగబోతే అడుగున గసగసాలంత నల్ల చుక్కలు. తెల్ల టిష్యూతో ఒళ్లు తుడిచి నలిపితే ఎర్రటి మరకలు. కంటి చుట్టూ, దవడ కింద గాడిలో బారులు తీరి ఉన్నాయి. పాముల రక్తం తాగే నల్లులివి (మైట్స్ అంటారు, మంచాల్లో ఉండే నల్లులు కావు).

పాములు పెంచే స్నేహితులు రెండు వర్గాలయ్యారు. పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టమని ఒకరు, నల్లుల్ని తినే నల్లుల్ని కొని మట్టిలో వదలమని ఇంకొకరు. రెండూ కలిపి చేయలేం కదా, మందు కొడితే తినేవీ చస్తాయి. నా ట్యాంకు, అంటే పాము ఉండే గాజు పెట్టె, మట్టి పోసి, మొక్కలు నాటి రెండేళ్లు కష్టపడి తయారు చేసుకున్నది. మందు పడితే అదంతా మట్టిపాలే. ఏం చేయమంటారు?

హ్యూస్టన్_రెప్టైల్స్:
ట్యాంకు ముచ్చట పక్కన పెట్టు తమ్ముడూ, ముందు పాము బతకాలి. ఈ నల్లి పేరు ఓఫియోనిసస్ నాట్రిసిస్. దీని బతుకు మీద కామిన్ అనే ఆయన 1953లోనే వివరంగా రాశాడు. వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి 13 నుంచి 19 రోజులు. ఒక్క ఆడది 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది. నువ్వు ఇవాళ చూసినవి పోయిన నెల వచ్చినవాటి పిల్లలు. ఇంకో పదిహేను రోజులు ఆలోచిస్తూ కూర్చుంటే వాటి పిల్లలొస్తాయి.

పామును తీసి ప్లాస్టిక్ టబ్బులో కాగితం పరిచి పెట్టు. ట్యాంకులో మట్టి, మొక్కలు మొత్తం సంచిలో కట్టి చెత్తకుండీలో వెయ్యి. ట్యాంకుకీ షెల్ఫుకీ పెర్మెత్రిన్ కొట్టి, పూర్తిగా ఆరాకే పామును వదులు. పిల్లపాముకీ ఇదే వైద్యం. రెండు వారాలకోసారి, మూడు సార్లు. నేను ఇలాగే పన్నెండు పాముల్ని ఈ నల్లుల బారి నుంచి కాపాడాను.

మట్టి_మొక్క_పాము:
ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అన్నా?

పెర్మెత్రిన్ నరాల మీద పనిచేసే మందు. మోతాదు కొంచెం ఎక్కువైనా, తడి ఆరకముందే వదిలినా పాము తల తిప్పుకుంటూ వణికిపోతుంది. నా కళ్లతో చూశాను. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా ప్రమాదం, పిల్లులకి అది విషమే. స్ట్రాటియోలెలాప్స్ అని గ్రీన్‌హౌస్ వాళ్లు కుండీల్లో వాడే వేట నల్లులు ఉన్నాయి. మట్టిలో తిరుగుతూ దొరికినదాన్నల్లా తింటాయి, పాము జోలికి రావు. న్యూజెర్సీలో మా ఇంట్లో రెండు ట్యాంకుల్లో వదిలాను. ఆరు వారాలకి ఒక్క నల్లి లేదు, ఒక్క మొక్కా పోలేదు.

హ్యూస్టన్_రెప్టైల్స్:
మీవి మట్టిలో ఉంటాయి, సరే. పాము నల్లి గుడ్లు ఎక్కడ పెడుతుంది? రక్తం తాగిన ఆడ నల్లి పాము మీంచి దిగి పైకి పాకుతుంది. ట్యాంకు మూత సందులో, చెక్క పగుళ్లలో, చీకటీ తేమా ఉన్న చోట పెడుతుంది. కామిన్ రాసిందీ అదే. మీ కాపలా వాళ్లు కింద వాకిట్లో కూర్చుంటే దొంగ అటక మీద కాపురం పెట్టినట్టు.

మట్టి_మొక్క_పాము:
అటకెక్కినా అన్నానికి దిగాలి కదా! పిల్లలు పామును వెతుక్కుంటూ వచ్చేటప్పుడు మట్టి దాటాలి.

తిరుపతి_వెట్:
నేను తిరుపతిలో వెటర్నరీ చదివి ఇప్పుడు ఒహాయోలో పనిచేస్తున్నాను. వాదన బాగుంది గానీ ఇద్దరూ పామును చూడటం లేదు. పొలుసుల కింద, కంటి అంచున తలదూర్చి రక్తం తాగుతున్నవాటికి మట్టిలో ఉన్న వేట నల్లి అందదు. ట్యాంకు గోడకి కొట్టిన మందు తగలడానికీ టైం పడుతుంది. పిల్లపాముకి ఎక్కువగా పడితే రక్తహీనతతో నీరసించిపోతుంది. ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియాను ఇవి ఒక పాము నుంచి ఇంకోదానికి మోస్తాయి. కాబట్టి ముందు పిల్లపామును డాక్టరుకి చూపించండి.

ఒక హెచ్చరిక. ఎవరో ఒకరు ఐవర్‌మెక్టిన్ అనే పరాన్నజీవుల మందు వాడమంటారు. బరువు చూసి డాక్టరు వేస్తే పాముల్లో పనిచేస్తుంది. కానీ తాబేళ్లని చంపేస్తుంది, అదే గదిలో తాబేలుంటే ఆ సీసా ఇంట్లోకే తేవద్దు. కుక్కలకి గోమార్ల కోసం నోటి ద్వారా ఇచ్చే అఫాక్సొలానర్‌ని కూడా కొందరు డాక్టర్లు పాములకి వాడుతున్నారు. అది నోట్లోకి వెళ్లే మందు కాబట్టి ట్యాంకు మీద చల్లే పని లేదు. మోతాదు ఇక్కడ రాయను, అడగొద్దు.

మిర్చి_రైతు_గుంటూరు:
మా అబ్బాయి ఈ చర్చ చూపించి నవ్వాడు. డబ్బులిచ్చి పామును కొని, దానికి మళ్లీ నల్లి మందా అని. సరే, నల్లి సంగతి నాకు తెలుసు కాబట్టి రాస్తున్నా. మిరపలో తామర పురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే కిందికి. పై ముడత, కింది ముడత అంటాం. పైరెత్రాయిడ్ మందులు అదే పనిగా కొడితే నల్లి తగ్గకపోగా విజృంభిస్తుంది, ఎందుకంటే దాన్ని తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి. 1980ల్లో మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ ఎలా విరగబడిందో పెద్దవాళ్లని అడగండి. ఆ పైరెత్రాయిడ్లే కొంప ముంచాయి. మీ పెర్మెత్రిన్ కూడా ఆ జాతి మందే. అందుకే నా ఓటు మిత్ర పురుగులకి. వేప నూనె కూడా రాసి చూడండి.

హ్యూస్టన్_రెప్టైల్స్:
బాబాయ్, పొలంలో మిత్ర పురుగులు ముందే ఉంటాయి, మందు వాటిని చంపుతుంది. గాజు పెట్టెలో ఏమున్నాయి చంపడానికి? పొలం లెక్క పెట్టెకి కుదరదు. నూనె రాస్తే ఒంటి మీదవి ఊపిరాడక చస్తాయి, నిజమే. మూత సందులో గుడ్లకి ఎవరు రాస్తారు?

మిర్చి_రైతు_గుంటూరు:
అది ఒప్పుకుంటా. కానీ ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే దానికి అలవాటు పడతాయి. ఇది మాత్రం పొలమైనా పెట్టెయినా ఒకటే.

తిరుపతి_వెట్:
ఆయన చెప్పింది నిజం.

కూకట్‌పల్లి_కుర్రాడు:
మధ్యలో వస్తున్నందుకు సారీ. ఇక్కడ ఇండియాలో మనం బాల్ పైథాన్ పెంచుకోవచ్చా?

తిరుపతి_వెట్:
మన దేశపు పాముల్ని, అంటే నాగుపాము, జెర్రిపోతు లాంటివి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పెంచకూడదు. బాల్ పైథాన్ విదేశీ జాతి, సైటీస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణుల వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణ తర్వాత అలాంటివాటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. కాగితాలు లేకుండా ఎవరో అమ్ముతున్నారని కొనవద్దు.

డాలస్_పైథాన్:
ఇంకో సమస్య. మా ఆవిడకి చేతుల మీద చిన్న ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. ఇంటికి పాములొద్దంటే విన్నావా అని మూడు రోజులుగా నాతో మాటల్లేవు.

తిరుపతి_వెట్:
ఆ దద్దుర్లు ఈ నల్లులవే అయ్యుండొచ్చు. పాము దొరక్కపోతే మనిషినీ కుడతాయి, అలాగని ఒంటి మీద కాపురం ఉండవు. ఇంట్లో తగ్గితే ఆ దద్దుర్లూ తగ్గుతాయి. మాటలు కలపడానికి మాత్రం నా దగ్గర మందు లేదు.

డాలస్_పైథాన్ (ఏడు వారాల తర్వాత):
చాలామంది మెసేజ్ చేసి అడిగారు కాబట్టి రాస్తున్నా. రెండు పాముల్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, నోటి మందు వేశారు. పిల్లది పాలిపోయి ఉంది, ఇంకో వారం ఆలస్యమైతే కష్టమన్నారు. ఇద్దరినీ చెరో ప్లాస్టిక్ టబ్బులో, చెరో గదిలో పెట్టాను. రోజూ కాగితం మార్చి, కవర్లో ముడేసి బయట పారేశాను. షెల్ఫుకీ కార్పెట్ అంచులకీ పెర్మెత్రిన్ కొట్టాను. మొక్కల ట్యాంకుని వేరే గదికి మార్చాను, పారేయలేదు. చెక్కల్ని ఓవెన్‌లో వేడి చేశాను, యాభై డిగ్రీల పైన ఇవి తట్టుకోలేవట. ట్యాంకులో వేట నల్లుల్ని వదిలి, పాము లేకుండా ఆరు వారాలు మూసి ఉంచాను. మూడు వారాలుగా నీళ్ల గిన్నెలో ఒక్క చుక్క లేదు.

మట్టి_మొక్క_పాము:
చెప్పానా! ట్యాంకు బతికిందంటే వేట నల్లుల వల్లే.

హ్యూస్టన్_రెప్టైల్స్:
తిండి లేకుండా ఆ పిల్ల నల్లులు నెల రోజుల కంటే బతకవు. ఆరు వారాలు ఖాళీగా ఉంచాక మీ వేట నల్లులు లేకపోయినా అవి చచ్చేవే. ఆ ముప్ఫై డాలర్లు దండగ.

మట్టి_మొక్క_పాము:
మరి మీ పెర్మెత్రిన్ కొట్టిన షెల్ఫు మీద కూడా పాము లేదుగా. అది మాత్రం దండగ కాదా?

డాలస్_పైథాన్:
మీరిద్దరూ తేల్చుకోండి. పెద్దది నిన్న రెండు నెలల తర్వాత మొదటిసారి ఎలుకను తింది. పిల్లది ఇంకా డాక్టరు చెప్పేదాకా వేరే గదిలోనే. మా ఆవిడ మాట్లాడుతోంది, కానీ మూడో పాము మాట మాత్రం ఎత్తొద్దంది.