ప్రకటనలో "సొంత డ్రైవ్‌వే" అన్నారు, దస్తావేజులో దారి మాటే లేదు. ఏం చేయాలి?

వెనకిల్లు:
మేం కొన్న ఇల్లు రోడ్డు మీద లేదు, ముందు ఇంకో ఇల్లుంది. దాని పక్కనుంచి తొమ్మిదడుగుల సిమెంటు దారి మా గేటు దాకా వస్తుంది. అమ్మకం ప్రకటనలో "సొంత డ్రైవ్‌వే" అని రాసి, ఆ దారి మీద కారు నిలబెట్టిన ఫోటో వేశారు. మేం ఇంట్లో దిగాక ముందింటాయన వచ్చి, "ఈ జాగా మాదండీ, పాత ఓనరు మీద స్నేహం కొద్దీ కారు పోనిచ్చాను" అన్నారు. ఇప్పుడు అడ్డంగా పూలకుండీలు పెట్టించారు. మనిషి పట్టే సందుంది, కారుకు లేదు. మోకాలి ఆపరేషన్ అయిన మా అమ్మ రోడ్డు మీద దిగి, వాకర్‌తో ఆగి ఆగి గుమ్మం దాకా వస్తోంది. చూస్తుంటే కడుపు మండిపోతోంది.

దస్తావేజులో తూర్పు హద్దు "ముందింటి వారి ఖాళీ స్థలం" అని ఉంది. కానీ సిమెంటు మీద టైర్లు నడిచిన చోట రెండు గీతలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి తిరగందే అలా అరగదు కదా! అది సాక్ష్యం కాదా?

పాత_దస్తావేజులు:
అమ్మా, మీ కాగితం ఒక్కటే చూసి దిగులు పడకండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం మునుపటి దస్తావేజులు తీయించండి. ముందింటాయన దస్తావేజు సర్టిఫైడ్ కాపీ కూడా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి. వెనక స్థలానికి దారి వదిలినట్టు ఆయన దస్తావేజు షెడ్యూల్లోనే (ఆస్తి వివరాల భాగంలో) ఉండొచ్చు. పాత దస్తావేజులో ఉన్న దారి తర్వాతి దాంట్లో రాయడం మరిచిపోవడం నేను చాలా చూశాను. స్థలానికి అంటిపెట్టుకున్న దారి హక్కు విడిగా రాయకపోయినా, వద్దని రాస్తే తప్ప, స్థలంతో పాటే కొన్నవారికి వస్తుంది.

రెండు స్థలాలూ ఒకప్పుడు ఒకటేనా అన్నది ముఖ్యంగా చూడండి. ఒకే స్థలాన్ని విడగొట్టినప్పుడు వెనక భాగానికి వేరే దారి లేకపోతే, 1882 ఈజ్‌మెంట్స్ చట్టం (పక్కవారి స్థలం మీద దారి లాంటి హక్కుల చట్టం) సెక్షన్ 13 కింద అవసరార్థపు దారి అడగొచ్చు. అయితే అది సౌకర్యం కోసం ఇచ్చేది కాదు. నడిచే సందు ఉందిగా అని అవతలివాళ్లు తప్పక వాదిస్తారు.

సివిల్_ప్లీడరు:
టైరు గీతలు వాడకాన్ని చూపిస్తాయి, హక్కును కాదు. అదే చట్టం సెక్షన్ 15 ప్రకారం 20 ఏళ్లు బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా వాడి ఉండాలి. స్నేహం కొద్దీ పోనిచ్చింది లైసెన్సు, అంటే ఉత్త అనుమతి అవుతుంది, అది ఎన్నేళ్లయినా హక్కుగా మారదు. అందుకే పాత ఓనరు అడిగి వాడారా, తన దారిగానే వాడారా అన్నది ఇరుగుపొరుగు పెద్దల ద్వారా తేల్చుకోండి. కుండీలు మీరు తీయొద్దు. హక్కు ఎవరిదో పోలీసులు తేల్చరు, అది సివిల్ కోర్టు పని.

ఇక అమ్మినవారి మీద పోరు వేరు, ముందింటాయనతో గొడవలో కలపకండి. తనకు తెలిసి, మామూలు జాగ్రత్తతో కొనేవారికి కనబడని లోపాన్ని దాచడం ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 కింద మోసం లెక్క. "హద్దులు చదువుకుంటే తెలిసేది" అని వాళ్లు అంటారు. దానికి మీ జవాబు ఆ ప్రకటనే. తీసేయకముందే తేదీ కనబడేలా దాచుకోండి.

ముందింటివాణ్ణి:
నేను మీకు అవతలి వైపు మనిషిని. మా వెనక ఉన్నవాళ్లు తమ ఇల్లు అమ్మేటప్పుడు నా స్థలం ఫోటో పెట్టి "ప్రత్యేక దారి" అని రాశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. కొన్నవాళ్లు మొదటి రోజే లారీ తెచ్చారు. దారి కింద మా మంచినీళ్ల పైపుంది, అది పగిలింది. నాకు కోపం వచ్చింది వాళ్లు నడిచినందుకు కాదు, నా జాగా మీద ఎవరో బేరం కుదుర్చుకున్నందుకు.

చివరికి కూర్చుని రాసుకున్నాం: ఎంత వెడల్పు, కారు వచ్చి పోవడమే తప్ప నిలపకూడదు, లారీలు వద్దు, మరమ్మతు చెరిసగం. రిజిస్టరు కూడా చేయించాం. రేపు ఎవరు అమ్మినా గొడవ ఉండదు. మీ ముందింటాయన్ని కూడా అసలు బాధేమిటో ఒకసారి అడగండమ్మా.

వెనకిల్లు:
చాలా థాంక్సండీ. ఆయన వైపు నుంచి నేను ఆలోచించనే లేదు. అమ్మ కోసం కుండీలు కాస్త జరపమని ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. పర్వాలేదా?

సివిల్_ప్లీడరు:
నోటితో అడగండి. కాగితం మీద "అనుమతించగలరు" అని రాస్తే, రేపు అదే మీరు హక్కుగా వాడలేదనడానికి సాక్ష్యమవుతుంది. రాయక తప్పకపోతే "మా హక్కులకు భంగం లేకుండా" అన్న మాట చేర్చి, పంపేముందు మీ వకీలుకు చూపించండి.