మధుమేహమున్న కుక్క మూత్రంలో ప్రోటీన్: ఇంటి పరీక్షను ఎంతవరకు నమ్మవచ్చు?

నమస్కారం. మేము సైనిక్‌పురిలో ఉంటాము. మా తొమ్మిదేళ్ల లాబ్రడార్ చిట్టికి సంక్రాంతి తర్వాత మధుమేహం ఉన్నట్టు తేలింది. అప్పటి నుంచి రెండు పూటలా ఇన్సులిన్ ఇస్తూ, డాక్టరుగారి సలహా మేరకు వారానికి రెండుసార్లు దాని మూత్రాన్ని ఇంట్లోనే స్ట్రిప్‌తో (ముంచితే గడుల రంగు మారే పట్టీతో) పరీక్షిస్తున్నాము.

పొద్దున్నే మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు, అది కూర్చోగానే పొడవాటి పిడి ఉన్న శుభ్రమైన గరిటెతో మూత్రం పట్టి (దానికి బెదురు పోవడానికి పది రోజులు పట్టింది, పాపం), అరగంటలోపే స్ట్రిప్ ముంచి, డబ్బా మీద ఉన్న సమయం ప్రకారం రంగులు సరిచూస్తాను. గ్లూకోజ్ కొద్దిగా కనిపిస్తున్నా కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) ఇంతవరకు రాలేదు, అది పెద్ద ఊరట. అయితే మూడు వారాలుగా ప్రోటీన్ గడి ఒక ప్లస్ చూపుతోంది. మూత్రం బాగా చిక్కగా ఉన్నప్పుడు ఆ మాత్రం కనిపించడం మామూలే కావచ్చు. కానీ ఎంత చిక్కగా ఉందో చెప్పవలసిన స్పెసిఫిక్ గ్రావిటీ గడి కుక్కల విషయంలో నమ్మదగినది కాదు, తెల్లరక్తకణాల గడి కూడా అంతే. అందుకే మూత్రం చిక్కదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ అనే పరికరం కొనాలనుకుంటున్నాను.

కుక్కల మూత్రానికి సరిపడేలా స్పెసిఫిక్ గ్రావిటీని కనీసం 1.060 దాకా కొలిచే పరికరం కోఠీ సర్జికల్ దుకాణాల్లో ఎవరికైనా దొరికిందా? మూత్రం చిక్కదనంతో సంబంధం లేకుండా ప్రోటీన్ ఎంత పోతోందో చెప్పే ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి పరీక్ష చేయించినవారు ఈ ఎండల్లో నమూనాను చెడిపోకుండా ల్యాబ్‌కు ఎలా చేర్చారు? సోమవారం డాక్టరుగారిని కలవబోతున్నాము. అప్పటికి రంగుల ఫలితాలతో పాటు ఇంకేమి రాసి తీసుకెళ్తే ఆయనకు ఉపయోగపడుతుందో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.